గోడ వైపు తిరిగి కూర్చున్నవాడు

సెకో కియోతక మొదటిసారి గోడ వైపు తిరిగి కూర్చున్నది తొమ్మిదో ఏట. ఒవాసె రేవులో చేపల మార్కెట్‌ని ఆనుకుని ఐసు గోదాము ఉండేది. దాని మేడ మీద దోజో, అంటే కరాటే నేర్పే శాల. కింద ఐసు, పైన చెక్క నేల. చలికాలం ఒట్టి కాళ్ళతో ఆ నేల మీద నిలబడితే పాదాలు మనవో పక్కవాడివో తెలిసేది కాదు. ఆ రోజు కియోతక విసిరిన గుద్దు జారి ఎదుటి పిల్లవాడి ముక్కు మీద పడింది. ఆ దోజో పద్ధతిలో ఛాతీ మీద, పొట్ట మీద ఎంత గట్టిగానైనా గుద్దవచ్చు, కాలు అంత ఎత్తు లేస్తే తల మీద తన్నవచ్చు. చేత్తో మొహం మీద కొట్టడం మాత్రం తప్పు.

దోజో గురువు ఒకుగావా సెన్సె కేకలు వెయ్యలేదు. ఆయన తెల్లవారుజామున చేపల వేలంపాట పాడే మనిషి. ఉన్న గొంతంతా అక్కడే ఖర్చయిపోయేది. సాయంత్రానికి పిల్లల కోసం మిగిలేది బొంగురు మాత్రమే.

“గోడ,” అన్నాడు. అంతే.

కియోతక వెళ్ళి గోడకి ఎదురుగా, అందరికీ వీపు పెట్టి, మోకాళ్ళు మడిచి మడమల మీద కూర్చున్నాడు. నడుం నిటారుగా, చేతులు తొడల మీద. ఈ కూర్చోవడాన్ని సేజా అంటారు. వెనక ఆ పిల్లవాడి ఏడుపు, నీళ్ళ చప్పుడు, సెన్సె బుజ్జగింపు వినబడుతున్నాయి. తిరిగి చూడటానికి లేదు. మనం కొట్టిన దెబ్బకి ఒకడు విలవిల్లాడుతుంటే దాన్ని తేరిపార చూడటం మర్యాద కాదు. అదొక్కటే కాదు. గోడ వైపు కూర్చోవడం అంటే ఒక మాట అనడం. కొట్టకూడనిది కొట్టాను, తప్పు నాది, అని. దానికి నోరు విప్పక్కర్లేదు. ఆ వీపు చూస్తే దోజోలో చీపురు పట్టుకున్నవాడికి కూడా అర్థమవుతుంది.

ఆ రోజు లేవమన్నాక కియోతక లేవలేకపోయాడు. కాళ్ళు తిమ్మిరెక్కి, లేచినట్టే లేచి బోర్లా పడ్డాడు. ముక్కులో దూది పెట్టుకున్న పిల్లవాడితో సహా అందరూ పగలబడి నవ్వారు. చిన్నప్పటి తప్పులకి అదొక సుఖం. కూర్చుని లేస్తే తీరిపోయేవి.

పదిహేనేళ్ళు ఆ మేడ మీదే గడిచాయి. పగలు చెక్కల మిల్లులో దేవదారు దుంగలు మోసేవాడు, సాయంత్రం దోజోకి పోయేవాడు. ఎదుటివాడికి దూరంగా ఉండి కొట్టడం అతనికి పెద్దగా నచ్చేది కాదు. ఒంటికి ఒళ్ళు తగిలేంత దగ్గరగా జొరబడి పని ముగించడం ఇష్టం. సెన్సె నేర్పిన వరసల్లో మోచేతి దెబ్బ ఒకటుంది. గుద్దు తప్పితే చెయ్యి వెనక్కి లాగొద్దు, అదే ఊపులో మోచెయ్యి తిప్పి కొట్టు, అని. పోటీల్లో దానికి చోటు లేదు. గాలిలో సాధన చెయ్యడానికే. కియోతక దాన్ని రోజూ రెండు వందలసార్లు గాలిలో కొట్టేవాడు. మీయె జిల్లా కరాటే పోటీలో మూడేళ్ళు వరసగా గెలిచాడు. ఇరవై నాలుగో ఏట సంచి సర్దుకుని, నగోయా వెళ్ళి కిక్‌బాక్సింగ్ ఆడతానని సెన్సెకి చెప్పాడు.

“అక్కడ మొహం మీద కొడతారురా,” అన్నాడు సెన్సె.

“తెలుసు, సెన్సె.”

“నువ్వూ కొట్టాలి.”

“తెలుసు.”

“సరే, పో. మొహం జాగ్రత్త,” అని ఎండబెట్టిన చేపలు ఒక కట్ట చేతిలో పెట్టి పంపాడు.

నగోయాలో రైలు వంతెన కింద ఇసోబె జిమ్. ఓనరు ఇసోబె ఒకప్పటి కిక్‌బాక్సరు. ముక్కు ఎడమ వైపుకి, మాట ఎటు కావాలంటే అటువైపుకి తిరుగుతుంది. వచ్చిన సెకో కియోతక కాళ్ళు చూసి మురిసిపోయాడు, చేతులు చూసి నెత్తి కొట్టుకున్నాడు. మొహం మీద దెబ్బ పడటమే ఎరగని మనిషి కనుక సెకో చేతులు ఎప్పుడూ కడుపు దగ్గరే కాపలా కాసేవి. మొదటి మూడు మ్యాచ్‌లూ మొహమంతా వాచిపోయి ఓడిపోయాడు.

“ఏరా సెకో, నీ తలకాయ ఎవరికైనా అద్దెకిచ్చావా? వచ్చినవాడల్లా తలుపు కొట్టి పోతున్నాడు!” అనేవాడు ఇసోబె.

“నేర్చుకుంటాను, ఓనరు గారూ.”

“నేర్చుకో నాయనా. నువ్వు నేర్చుకునేలోగా నీ ముక్కు నా ముక్కుకి తోడొచ్చేస్తుంది.”

నేర్చుకున్నాడు. పగలు ఇళ్ళ సామాన్లు తరలించే కంపెనీలో ఫ్రిజ్‌లు, బీరువాలు మోస్తూ, మిగతా వేళంతా చేతులు బుగ్గల దగ్గర పెట్టుకుని బతికాడు. ఆఖరికి అన్నం తినేటప్పుడు కూడా ఎడమ చెయ్యి దవడ దగ్గరే ఉండేదని భార్య సనాయె నవ్వేది. ఇరవై తొమ్మిదో ఏటికి పదకొండు గెలుపులు, ఐదు ఓటములు. అప్పుడు తనెదా షుహెయితో మ్యాచ్ కుదిరింది. గెలిచినవాడికి ఛాంపియన్‌తో తలపడే అవకాశం వస్తుంది.

తనెదా ఒగాకి ఊరివాడు. అతనిదీ కరాటే పునాదే, దోజో వేరు. పొడుగు మనిషి, తొందరపడడు. రెండు రౌండ్లు సెకోని దగ్గరికి రానివ్వకుండా ముందు కాలితో పొట్టలో నెడుతూ ఆడించాడు. మూడో రౌండులో సెకో ఎలాగో లోపలికి జొరబడ్డాడు. కుడి చేత్తో అడ్డంగా గుద్దు విసిరాడు. తనెదా తల వంచాడు, గుద్దు తప్పిపోయింది. చెయ్యి వెనక్కి రాలేదు. మోచెయ్యి తిరిగింది.

ఎముక మీద ఎముక పడింది. గ్లవుకీ మోచేతికీ తేడా కొట్టినవాడికి తెలియకుండా ఉండదు. ఆ లీగులో మోచెయ్యి వాడటం నిషేధం. రెఫరీ సెకో వీపు వెనక ఉన్నాడు. ఉన్న ఒక్క కెమెరా కూడా అటు వైపే ఉంది. తనెదా ఎడమ కన్ను పట్టుకుని పక్కకి ఒరిగి పడిపోయాడు.

ఎదుటివాడు పడితే దూరంగా ఉన్న మూలకి వెళ్ళి నిలబడాలి. సెకో మూలకి వెళ్ళాడు. వెళ్ళి, ఆ మూల స్తంభం వైపు మొహం తిప్పి, అందరికీ వీపు పెట్టి, సేజాలో కూర్చున్నాడు. కూర్చోవాలని అనుకోలేదు. తొమ్మిదేళ్ళ పిల్లవాడి కాళ్ళు ఇరవై తొమ్మిదేళ్ళవాడిని తీసుకెళ్ళి కూర్చోబెట్టాయి. వెనక రెఫరీ ఒకటి, రెండు అని లెక్కపెడుతున్నాడు. ఆపుతాడు, ఇప్పుడు ఆపుతాడు, నా వీపు చూస్తున్నాడు కదా, అనుకుంటూ సెకో స్తంభానికి చుట్టిన ఎర్ర తోలు వైపు చూస్తున్నాడు. ఏడు. ఎనిమిది. పది అయిపోయింది. రెఫరీ వచ్చి, అతని కుడి చెయ్యి పట్టుకుని లేపి, పైకి ఎత్తాడు.

హాలు మొత్తం లేచి నిలబడింది. గెలిచి గెంతులెయ్యకుండా, పడిపోయినవాడి కోసం తలవంచి కూర్చున్న మనిషిని వాళ్ళు ఇంతవరకు చూడలేదు. రింగులోకి ఎక్కిన అనౌన్సరు గొంతు బొంగురుపోయింది. “ఇదీ కరాటే మర్యాద అంటే! సెకో గారూ, అలా ఎందుకు కూర్చున్నారు?” అని మైకు నోటి దగ్గర పెట్టాడు.

చెప్పడానికి ఒక్క మాట చాలు. మోచెయ్యి. సెకో నోరు తెరిచాడు. తాడు అవతల ఇసోబె ఏడుస్తున్నాడు, తువ్వాలు నోట్లో కుక్కుకుని. హాల్లో ఎవరో ముసలాయన చేతులు జోడించాడు.

“తనెదా గారి మీద గౌరవంతో,” అన్నాడు సెకో.

ఆ తర్వాత అతని జీవితం ఏమిటని ఎవరైనా అడిగితే, ఆ నాలుగు మాటల్ని వెనక్కి తీసుకోవడానికి ధైర్యం చాలక తిరగడమే అని చెప్పాలి.

పత్రికలో ఫొటో పడింది. పేజీ నిండా అతని వీపు, స్తంభం, కింద ‘కూర్చున్న విజేత’ అని పెద్ద అక్షరాలు. అదే పత్రిక చివరి పేజీలో నాలుగు వరసల వార్త. తనెదాకి కంటి కింద ఎముక విరిగిందని, ఆపరేషన్ అయిందని, ఇక ఆడకపోవచ్చని. సెకో ఆ నాలుగు వరసలూ మూడుసార్లు చదివాడు. ఆసుపత్రికి వెళ్దామని రెండుసార్లు రైలెక్కాడు. రెండుసార్లూ ఒగాకి రాకముందే దిగిపోయాడు.

ఒవాసెకి మాత్రం వెళ్ళక తప్పలేదు. సెన్సెకి ఫలితం చెప్పకుండా ఎలా ఉంటాడు? ఆ ఊళ్ళో ఎప్పుడూ కురిసే వానే కురుస్తోంది. సెన్సె వరండాలో పీట మీద కూర్చుని చేపలు చీల్చి ఉప్పు రాస్తున్నాడు. సెకో పత్రిక విప్పి ముందు పెట్టాడు. సెన్సె చేతులు తుడుచుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, ఫొటోని చాలాసేపు చూశాడు. పొగడలేదు.

“ఎక్కడ తగిలింది?” అని అడిగాడు.

దేశమంతా ఆ వీపుని చూసి చప్పట్లు కొడితే, ఈ ముసలాయన ఒక్కడే చదవవలసినట్టు చదివాడు.

“ఎక్కడా లేదు, సెన్సె. గౌరవంగా ఉంటుందని కూర్చున్నాను.”

“అలాగా,” అన్నాడు సెన్సె. పత్రిక మడిచి, ఉప్పు తగలకుండా పక్కన పెట్టి, ఇంకో చేప తీసుకున్నాడు. “భోంచేసి వెళ్ళు. రైలుకి టైముంది.”

భోజనం అయ్యేదాకా వాన గురించి మాట్లాడుకున్నారు. సెకో ప్రతి ముద్దకీ టీ తాగాడు. సెన్సె మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే రెండోసారి అబద్ధం ఆడగలిగేవాడు కాదు. అది ఆయనకీ తెలుసు. చెప్పవలసినవాడే చెప్పాలన్న పట్టుదల ఆయనది.

ఇసోబె ఊరుకుంటాడా? చేతికొచ్చిన అదృష్టాన్ని వదిలే మనిషి కాదు. వచ్చే మ్యాచ్ గెలవగానే కూర్చోమన్నాడు.

“తప్పు చేస్తే కూర్చునేది, ఓనరు గారూ అది. గెలిచినందుకు కాదు,” అన్నాడు సెకో. నిజం చెప్పడానికి ఎంత దగ్గరగా వెళ్ళగలడో అంత దగ్గరగా వెళ్ళిన మాట అది.

“అబ్బో, ఎంత వినయం! ఈ మాటలే పత్రికవాళ్ళ ముందు అను. ఒరేయ్, జనం నీ గుద్దు కోసం రావడం లేదు, నీ మోకాళ్ళ కోసం వస్తున్నారు. కూర్చో!”

కూర్చున్నాడు. గెలిచిన ప్రతిసారీ కూర్చున్నాడు. అతనితో పాటు మోకాళ్ళ మీద కూర్చోవడానికి జనం ఇంటి దగ్గర్నుంచి దిండ్లు తెచ్చుకుని, ఎదుటివాడు తూలితే చాలు, “సేజా! సేజా!” అని అరిచేవారు. ఇసోబె వీపు బొమ్మ అచ్చేసిన చొక్కాలు వేయించాడు. ఛాంపియన్ అయ్యాడు, రెండేళ్ళు బెల్టు నిలబెట్టుకున్నాడు, పోగొట్టుకున్నాడు, మళ్ళీ ఆడాడు. అన్ని హాళ్ళలోనూ స్తంభం వైపు తిరిగి తన తప్పు తాను ఒప్పుకుంటూనే ఉన్నాడు. చూసినవాళ్ళు చూసినట్టే చప్పట్లు కొట్టారు. లేచి ఇటు తిరిగేసరికి అతని మొహం ఎర్రబడి ఉండేది. అలసట అనుకునేవారు.

మోచెయ్యి మాత్రం మళ్ళీ ఎప్పుడూ వాడలేదు. దగ్గరికి జొరబడటమే మానేశాడు. ఆట చూడటం తెలిసినవాళ్ళు, పెద్దవాడై జాగ్రత్త నేర్చాడని రాశారు.

ఛాంపియన్ అయిన ఏడాదే ఒకుగావా సెన్సె పోయాడు. కర్మకాండకి వచ్చిన పాత శిష్యులంతా సెకో చుట్టూ మూగి, మీ వల్ల సెన్సె పేరు దేశానికి తెలిసిందన్నారు. సెకో తేలు కుట్టిన దొంగలా అందరికీ తలవంచుతూ తిరిగాడు. సెన్సె భార్య అందరికీ టీ పోస్తూ అతని దగ్గరికి వచ్చింది.

“మీ మ్యాచ్ టీవీలో వస్తే ఒక్కటీ వదిలేవాడు కాదు బాబూ, ఒంట్లో బాగోకపోయినా. కానీ అదేం అలవాటో, మీరు కూర్చోగానే కట్టేసేవాడు. ఆ తర్వాత చూద్దామంటే నన్ను కూడా చూడనిచ్చేవాడు కాదు.”

ఆవిడ ఏమీ మనసులో పెట్టుకుని అనలేదు. భర్త విచిత్రాలు చెప్పుకుని నవ్వుకుంటోంది. సెకో ఆ కప్పులోని టీ చల్లారినా తాగలేకపోయాడు.

ముప్ఫై ఏడో ఏట మోకాలు అరిగిపోయింది. డాక్టరు చాలన్నాడు. ఇసోబె అప్పటికే వీడ్కోలు సభ అంతా తలలో కట్టేసుకున్నాడు. రింగు మధ్యలో సెకో, దీపాలు తగ్గించి, ఆట మానేసేవాళ్ళందరికీ కొట్టినట్టే గంట పదిసార్లు కొట్టడం. దానికి ముందు పూలగుచ్ఛం.

“పూలు ఎవరిస్తారో తెలుసా? తనెదా! ఆ తనెదా వచ్చి నీ చేతిలో పూలు పెడితే, హాల్లో ఒక్కడి కన్నైనా పొడిగా ఉంటుందంటావా? నువ్వే వెళ్ళి పిలువు. నేను పిలిస్తే వ్యాపారంలా ఉంటుంది.”

సెకో కాదనలేదు. కాదనడానికి కారణం చెప్పాలి మరి. ఎండుచేపల పెట్టె ఒకటి కట్టించుకుని, ఎనిమిదేళ్ళ తర్వాత ఒగాకిలో రైలు దిగాడు. దారంతా ఒకే లెక్క. చెప్పాలి. ఈసారి చెప్పకపోతే ఇక ఎప్పుడూ లేదు. గుడ్లప్పగించి కిటికీలోంచి చూస్తూ మొదటి వాక్యం పదిసార్లు కూర్చుకున్నాడు.

తనెదా అత్తవారి తాతామి చాపల దుకాణంలో పనిచేస్తున్నాడు. మందపాటి చాప ఒకటి బల్ల మీద పడుకోబెట్టి అంచుకి నల్లని గుడ్డ కుడుతున్నాడు. కళ్ళద్దాలకి ఎడమ అద్దం మీద కాగితం అంటించి ఉంది. గుమ్మంలో మనిషిని గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు.

“సెకో గారా! రండి, రండి. ఈ గడ్డి దుమ్ములో మీకు ఎక్కడ చోటు చూపించాలో తెలీడం లేదు.”

“పనిలో ఉన్నారు. ఇబ్బంది పెట్టాను.”

“ఏం పని లెండి. మామూలుగా చూస్తే మనిషి ఒక్కడే. కిందికి చూస్తే ప్రతిదీ రెండు. అందుకని ఒక కంటికి సెలవిచ్చాను,” అని కాగితం అంటించిన అద్దం చూపించి నవ్వాడు. “మామగారు అంటుంటారు, ఒక్క చాప కుట్టి రెండు కుట్టానని లెక్క చెప్తావేమోనని.”

సెకో కూడా నవ్వాలని చూశాడు. రాలేదు. టీ వచ్చింది. ఎండుచేపల పెట్టె ఇచ్చాడు. ఒవాసె చేపల గొప్పతనం మాట్లాడుకున్నారు, అరిగిన మోకాలి గురించి మాట్లాడుకున్నారు. దారిలో కూర్చుకున్న మొదటి వాక్యం నాలుక దాకా వచ్చి, గుటకతో పాటు లోపలికి పోయింది. దాని బదులు ఇసోబె మాటలు బయటికి వచ్చాయి. వీడ్కోలు సభ. పదిసార్లు గంట. పూలు.

తనెదా కుట్టడం ఆపాడు. లావుపాటి సూదిని చాపలో గుచ్చి వదిలేశాడు.

“పూలు ఇవ్వడానికా?”

“మీకు వీలుంటేనే...”

“సెకో గారూ, ఒక మాట చెప్తాను. ఆ రోజు నేను పూర్తిగా స్పృహ తప్పలేదు. పక్కకి పడి ఉన్నాను, మంచి కన్ను తెరిచే ఉంది. మీరు నడుచుకుంటూ వెళ్ళి అటు తిరిగి కూర్చోవడం చూశాను. మా దోజోలోనూ అంతే కదా, తప్పు చేసినవాడు గోడ వైపు. ఒప్పుకున్నాడు, అనుకున్నాను. పెద్దమనిషి, అనుకున్నాను. ఇంకేం, రెఫరీకి అర్థమవుతుంది, మ్యాచ్ రద్దవుతుంది, నేను అరిచి గోల చెయ్యడం ఎందుకు? తనంతట తాను ఒప్పుకున్నవాడి మీద ఫిర్యాదు చేస్తే ఏం బాగుంటుంది?”

సెకో చేతిలో కప్పు కింద పెట్టాడు.

“ఆసుపత్రిలో మంచం మీద టీవీ చూశాను. గౌరవంతో, అన్నారు.” తనెదా గొంతు పెరగలేదు. “సర్లే, అందరి ముందు అనలేకపోయుంటాడు, వస్తాడులే, అనుకున్నాను. మా ఆవిడ ప్రతి ఆదివారం ఇంకో కప్పు కడిగి పెట్టేది. ఎనిమిదేళ్ళకి వచ్చారు. పూలు ఇమ్మని అడగడానికి వస్తారని మాత్రం అనుకోలేదండీ.”

సెకో కుర్చీలోంచి జారి, ఆ గడ్డి దుమ్ములో మోకాళ్ళ మీద కూలబడి నేలకి తల ఆనించబోయాడు.

“లేవండి!” తనెదా మొదటిసారి కసిరాడు. “కూర్చోకండి. మీరు కూర్చోవడం చాలాసార్లు చూశాను టీవీలో, ఇక చూడలేను. నోటితో చెప్పండి.”

లేవడానికి మోకాలు సహకరించలేదు. బల్ల అంచు పట్టుకుని లేచాడు. ముప్ఫై ఏడేళ్ళ మనిషి, నూటికి పైగా రౌండ్లు ఆడినవాడు, ఆ ఒక్క మాటకి చెమటలు కక్కాడు.

“మోచేత్తో కొట్టాను. తప్పని తెలుసు. చెప్పలేదు. నన్ను క్షమించండి.”

“నాకు తెలిసిందే కదా,” అన్నాడు తనెదా, చాపలోంచి సూది లాగుతూ. “తెలియనివాళ్ళకి చెప్పండి. చెప్తానంటే వస్తాను. పూలు మాత్రం తేను.”

సభ ఆదివారం మధ్యాహ్నం, నగోయాలో పాత వ్యాయామశాల రెండో అంతస్తులో. దిండ్లతో జనం నిండిపోయారు. తనెదా నాలుగో వరసలో కూర్చున్నాడు, కాగితం అంటించిన కళ్ళద్దాలతోనే. పూలతో ఎవరూ రింగెక్కకపోయేసరికి ఇసోబె కళ్ళతోనే సెకోని తిట్టాడు. ఇక మైకు సెకో చేతికి వచ్చింది.

చెప్పాడు. తనెదాతో ఆడిన మ్యాచ్ తాను గెలవలేదన్నాడు. గుద్దు తప్పిందని, తగిలింది మోచెయ్యని, మూలకి వెళ్ళి కూర్చున్నది గౌరవంతో కాదని, తప్పు చేసినవాడు మా దోజోలో అలాగే కూర్చుంటాడని, ఆ కూర్చోవడాన్నే ఇన్నేళ్ళు ఆట చేసుకుని బతికానని చెప్పాడు.

పై వరసలోంచి ఎవరో ఏడుపు గొంతుతో, “అదీ మా సెకో అంటే! ఆఖరి రోజు కూడా ఎంత వినయం!” అని అరిచారు. చప్పట్లు మొదలయ్యాయి. దిండ్లు ఊపుతూ, “సేజా! సేజా!” అన్నారు. సెకోకి ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ మీద కాదు. తాను పెంచి పోషించిన అబద్ధం తన నోట వచ్చిన నిజాన్ని కూడా మింగేస్తోంది.

“చప్పట్లు కొట్టకండి!” అని అరిచాడు. మైకు కీచుమంది. “వినయం కాదిది! ఆయన కన్ను పాడైంది. తెలిసి కొట్టానో, చెయ్యే తిరిగిందో, అది నాకే తెలీదు. దాచింది మాత్రం తెలిసే దాచాను. మా సెన్సె మొహం మీద కూడా అబద్ధం చెప్పాను. దయచేసి చప్పట్లు ఆపండి.”

ఆపారు. ముందు కింద వరసలు, తర్వాత పైవి. దిండ్లు ఒళ్ళోకి దిగాయి. ముందు వరసలో ఒకావిడ తన చొక్కా మీది వీపు బొమ్మ కనబడకుండా పైన కోటు కప్పుకుంది. గంట దగ్గర నిలబడ్డవాడు సుత్తి పట్టుకుని ఇసోబె వైపు చూశాడు. ఇసోబె తల వంచుకుని ఉన్నాడు, చూడలేదు. గంట మోగలేదు. సెకో నాలుగు వైపులా వంగి నమస్కరించి, తాడు ఎత్తి తనే దిగిపోయాడు.

బట్టలు మార్చుకునే గదిలోకి ఇసోబె వచ్చి తలుపు దగ్గరే ఆగాడు. తిట్టడానికి వచ్చినవాడు. “ఇన్నేళ్ళూ నాకైనా చెప్పలేదేరా,” అని మాత్రం అని వెళ్ళిపోయాడు. నిజానికి తిట్టి ఉంటేనే నయంగా ఉండేది.

సెకో బయటికి వచ్చేసరికి మెట్ల దగ్గర తనెదా నిలబడి ఉన్నాడు, జనం దిగిపోయేదాకా ఆగుతూ. ఇద్దరూ ఒకరికొకరు తలవంచుకున్నారు.

“చెప్పారు,” అన్నాడు తనెదా.

“ఆలస్యంగా చెప్పాను.”

“అవును, ఆలస్యమే.” అంతకు మించి ఊరడించలేదు. “రైలుకి టైమవుతోంది, వస్తాను.”

“మెట్లు... నా చెయ్యి పట్టుకోండి, తనెదా గారూ.”

“వద్దండీ. అలవాటైపోయింది.”

తనెదా గోడ మీద చెయ్యి ఆనించి, ఒక కాలు ముందుకి చాచి, బూటు కొసతో మెట్టు అంచు తడిమి చూసి, అప్పుడు దిగాడు. మళ్ళీ తడిమాడు, మళ్ళీ దిగాడు. దాటుకుని ముందుకి పోవడానికి సెకోకి కాళ్ళు రాలేదు. ఇరవై నాలుగు మెట్లు. ఎనిమిదేళ్ళుగా రోజూ ఎన్ని మెట్లు ఇలా దిగి ఉంటాడో లెక్క కట్టబోయి మానేశాడు. రెండు మెట్లు వెనకగా, అతను ఆగినప్పుడల్లా తానూ ఆగుతూ, కిందిదాకా దిగాడు.